నలభై ఏడో ఒప్పందం

మణిగిరి రాజు మాధవ భూపతికి ఒకరోజు తలంటు పోసుకుంటుండగా ఒక ఆలోచన వచ్చింది. విద్యాపీఠంలో రసాయనాలూ యంత్రాలూ చదివే పిల్లలు ఊళ్ళో పనివాళ్ళ దగ్గర కూర్చుని చేత్తో కూడా నేర్చుకోవాలి. ఆయన తల ఆరేలోపే ఆజ్ఞ వెలువడింది.

కులపతి సోమనాథ దీక్షితులు ఏడాది తిరిగేసరికి నలభై ఏడు ఒప్పందాలు చేసుకున్నాడు. కుమ్మర్లతో ఒకటి, కమ్మర్లతో ఒకటి, పడవలు కట్టేవాళ్ళతో రెండు, ఇలా. ఒప్పందానికొక తాటాకు పత్రం, ఒక పూలదండ, ఒక శాలువా, ఒక చిత్రపటం. శాలువా ఆయనకే కప్పేవారు. విద్యార్థులు వరసగా నిలబడి చప్పట్లు కొట్టి, పులిహోర తిని, పీఠానికి వెళ్ళిపోయేవారు. మళ్ళీ ఆ గడప తొక్కేవారు కాదు.

నలభై ఏడోది బట్టలకు నీలిమందు అద్దేవాళ్ళతో. దాని తరువాత కులపతికి ఇంకో ఆలోచన వచ్చింది.

"ప్రభూ, మా పిల్లలు అద్దకం పూర్తిగా నేర్చేసుకున్నారు. ఇక ఆ పాతవాళ్ళెందుకు? ఆ అద్దకపు వాడ పీఠానికి ఇప్పించండి. శాస్త్రీయంగా నడుపుతాం."

"రేపు తేల్చుదాం" అన్నాడు రాజు.

ఆ మాట చెవిన పడగానే అద్దకపు వాడ పెద్ద నాంచారమ్మ పరుగున చెన్నాంబ దగ్గరికి వచ్చింది. చెన్నాంబ రాజుగారికి తాంబూలం అందించే ఉద్యోగి. రాజు పక్కనే నిలబడుతుంది కాబట్టి అన్నీ వింటుంది. ఎవరూ అడగరు కాబట్టి ఏమీ చెప్పదు.

"ఇరవై ఇళ్ళమ్మా మావి" అంది నాంచారమ్మ. "ఆ రంగు బానలు పోతే ఎక్కడికి పోతాం? ఆ పిల్లలు నేర్చుకోడానికి ఒక్కరోజు కూడా రాలేదు తల్లీ. వస్తే కాదంటామా?"

"పద, మీ వాడ చూద్దాం" అంది చెన్నాంబ.

మర్నాడు సభ కిటకిటలాడింది. విద్యార్థులు ఒక పక్కన నిలబడ్డారు. కులపతి ఆ ఒప్పందం నాటి చిత్రపటం తెచ్చి నిలబెట్టించాడు. అందులో విద్యార్థులు నిండు బాన చుట్టూ నిలబడి ఉన్నారు. బానలో నీళ్ళు నెమలి మెడలా నీలంగా ఉన్నాయి. అందులోంచి తీస్తున్న బట్టా అంతే నీలంగా ఉంది.

"వీళ్ళు మా బానల దగ్గరికే రాలేదు ప్రభూ" అంది నాంచారమ్మ.

"చదువురానిదాని మాట" అన్నాడు కులపతి. "పటం కళ్ళముందే ఉంది కదా."

రాజు పటాన్ని తదేకంగా చూశాడు. బాగుంది. నాంచారమ్మ చెన్నాంబకేసి చూసింది.

అప్పుడు చెన్నాంబ తాంబూలపు పళ్ళెం కింద పెట్టింది. "ప్రభూ, ఈ అద్దకపువాళ్ళ మీద నేనూ ఒక ఫిర్యాదు చెయ్యాలి."

"నువ్వా? చెప్పు."

"వీళ్ళ బానలోంచి ఒక కుండెడు నీళ్ళు తెప్పించాను. నాకేమో అనుమానంగా ఉంది. కులపతిగారు తెలిసినవారు, వారే చూడాలి. దీక్షితులుగారూ, పిల్లలు నేర్చుకునేటప్పుడు తమరు దగ్గరుండేవారా?"

"రోజూ. బాన అంచునే నిలబడేవాణ్ణి."

"అయితే దిగుల్లేదు."

కుండ మూత తీశారు. ముందు వరసలోవాళ్ళు రెండో వరసకి జరిగారు. చెన్నాంబ పైనున్న నురగను గరిటెతో పక్కకు తోసింది. అడుగున నీళ్ళు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉన్నాయి.

కులపతి ఉంగరాల చేత్తో ముక్కు మూసుకుని తొంగిచూసి, తృప్తిగా తలెత్తాడు.

"కుళ్ళిపోయింది ప్రభూ. నీలం అన్నది లేదు. ఇందుకే ఆ వాడ పీఠానికి ఇమ్మంటున్నాను. మా పిల్లలైతే బానను ఇలా పాడుచెయ్యనిస్తారా?"

"అంతేనంటారా?" అంది చెన్నాంబ.

"ఇందులో ముంచితే బట్టకు నీలం రాదు. కావాలంటే నా శాలువా ముంచి చూడు. నీలం వస్తే ఆ వాడ పేరే ఎత్తను."

"ప్రభువులు విన్నారు కదా?"

"విన్నాం" అన్నాడు రాజు.

చెన్నాంబ ఆ తెల్లశాలువాను మెల్లగా ముంచింది. కాసేపు ఆగి తీసింది. నాచు పట్టినట్టు పచ్చగా వచ్చింది. కులపతి సభవైపు తిరిగి చేతులు చాపాడు. ఆయన వెనక శాలువాను చెన్నాంబ ఒక కొసా నాంచారమ్మ ఒక కొసా పట్టుకుని గాలికి ఆడిస్తున్నారు.

ముందు అంచులు మారాయి. పచ్చ ముదిరింది. తమలపాకుకు సున్నం రాసి చుట్టేంత సేపట్లో శాలువా ఈ కొస నుంచి ఆ కొస దాకా నీలమైపోయింది.

"బానలో ఎప్పుడూ ఇదే రంగు బాబూ" అంది నాంచారమ్మ. "గాలి తగిలితేనే నీలం."

కులపతి శాలువాను చూశాడు. కుండను చూశాడు. "కానీ... నేను చూసినప్పుడు నీలంగానే ఉంది."

చెన్నాంబ వినయంగా తలవంచింది.

"నిజమేనండి. దారిన పోతూ దండెం మీది బట్టను చూస్తే నీలంగానే ఉంటుంది."

రాజు ముందు నవ్వలేదు. పటంలోని నీలి నీళ్ళకేసి ఒకసారి చూశాక ఇక ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వాక సభకు అడ్డేముంది? విద్యార్థులు మాత్రం నవ్వడం లేదు. అందరూ కుండ మీదికి వంగి, ఉత్తరీయాల కొసలు ముంచి తీసి చూసుకుంటున్నారు.

రాజు తన మెళ్ళోని ముత్యాలహారం తీసి చెన్నాంబకు ఇచ్చాడు. "ఇంకేం కావాలో అడుగు."

"ఈ పిల్లల్ని కన్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు ప్రభూ. మావాడు నేర్చుకుంటున్నాడు అనుకుంటూ నిద్రపోతారు. ఆ మాట నిజం చెయ్యండి. నలభై ఏడు చోట్లకీ వీళ్ళు పనికి వెళ్ళాలి."

"వెళ్తారు. అద్దకపు వాడ నాంచారమ్మ వాళ్ళదే. రేపు అక్కడికి వెళ్ళే మొదటి విద్యార్థి మన కులపతి."

నాంచారమ్మ కొత్త శిష్యుణ్ణి కింది నుంచి పై దాకా చూసింది.

"పొద్దున్నే రండి అయ్యవారూ. ఆ ఉంగరాలు ఇంటి దగ్గరే పెట్టేసి రండి."