గింజలు తగ్గించిన కోడలు

దగ్గరికి జరగండర్రా. మీ అమ్మ ఇంకా ఆఫీసువాళ్ళతో ఫోన్లో ఉంది. ఆవిడ చేసే పనేమిటని అడిగారు కదూ, కథగా చెబుతాను. సింహాద్రి అప్పన్నను తలుచుకుని కళ్ళు మూసుకోండి.

అనగనగా మబ్బుల మీద ఒక పట్నం. అక్కడి ఇళ్ళు పడవల్లా మెల్లగా తేలుతుంటాయి. మరి ఎవరిల్లు ఎక్కడో తెలిసేదెలా? ఇంటికో చిలక ఉంటుంది. అడిగితే ఎగిరి పెద్దవాకిటికి పోతుంది. వాకిటి తాతకు ఏ ఇల్లూ తెలియదు. ఏ వాడకు పెద్ద ఎవరో అదొక్కటే తెలుసు. నన్నడక్కు, వాడపెద్దనడుగు అంటాడు. వాడపెద్ద దగ్గర తాటాకు ఉంటుంది. అందులో తన వాడలోని ఇళ్ళన్నీ ఉంటాయి, పక్కవాడ సంగతి ఒక్క ముక్క ఉండదు. ఇంటర్నెట్లో వెబ్‌సైట్ల చిరునామాలూ ఇలాగే దొరుకుతాయట; మీ అమ్మావాళ్ళు ఆ వాడను జోన్ అంటారట, తాటాకును జోన్ ఫైలు అంటారట. ఊ కొడుతున్నారా?

వాడపెద్ద జవాబు చెప్పి, చిలకకు గింజలు కట్టి పంపుతుంది. గింజలున్నన్నాళ్ళూ చిలక ఆ జవాబే చెబుతుంది. గింజలైపోయాయా, జవాబూ మరిచిపోతుంది. మళ్ళీ వాకిటికి, మళ్ళీ వాడకు, మళ్ళీ తాటాకుకు.

మల్లెవాడకు పెద్ద పైడితల్లమ్మ. మాటిమాటికీ చిలకలొచ్చి నిద్ర చెడగొట్టకుండా కుంచాలకొద్దీ గింజలు కట్టేది. ఆ వాడలోనే మంత్రసాని గౌరమ్మ ఇల్లు. అది పున్నమి గాలికి ఎర్రమబ్బు అంచుకు కదులుతుందని తెలిసింది. పైడితల్లమ్మ కూతురేమో వేరే వాడలో కాపురం, సరిగ్గా ఆ పున్నమికే నెలలు నిండుతున్నాయి!

ఇల్లు కదిలాక తాటాకు దిద్దితే సరి అనుకుంది అత్తగారు. కోడలు నీలవేణికి మాత్రం బెంగ పట్టుకుంది. తాటాకు మారుతుంది, మరి చిలకల దగ్గర పాత గింజలు మిగిలుంటే? అవి పాత చోటికే పంపుతాయి. అక్కడ ఉత్త మబ్బే కదా! అందుకని పున్నమి ఇంకా దూరముండగానే, వచ్చిన ప్రతి చిలకకూ చిటికెడే కట్టడం మొదలెట్టింది. ఇక చూడండి, చిలకలు ఒకటే రాక.

"మీ పుట్టింట్లోనూ చిటికెడే పెట్టేవారా, తల్లీ? నా కొంప చిలకల సంత చేశావు!"

"పున్నమి దాటనివ్వండి, అత్తయ్యా" అని నవ్వేసింది కోడలు.

పున్నమి వచ్చింది. గౌరమ్మ ఇల్లు తేలిపోయింది. కోడలు తాటాకు దిద్దిందో లేదో, అక్కడ ఆడపడుచుకు నొప్పులు. అల్లుడు కంగారుగా చిలకనడిగాడు. గింజ లేదు, జవాబు లేదు అంటూ ఎగిరింది చిలక. వాకిటికి వెళ్ళింది, మల్లెవాడకు వెళ్ళింది, తాటాకు దగ్గర వాలింది. "ఎర్రమబ్బు అంచు, ఎర్రమబ్బు అంచు" అంటూ తిరిగొచ్చింది. అల్లుడు మంత్రసానిని తీసుకొచ్చాడు. స్వామి దయ, తెల్లారేలోపు ఆడపిల్ల కేరుమంది.

అత్తగారు మనవరాల్ని ఒళ్ళో వేసుకుని, నిన్నెన్ని మాటలన్నానే అని కోడలి గడ్డం పట్టుకుంది. ఇల్లు కుదురుకుంది కదా, కోడలు మళ్ళీ కుంచాలు నింపింది. చిలకలు సద్దుమణిగాయి. వాడంతా హాయిగా నిద్రపోయింది.

చూశారా, ఏదైనా మార్చాలంటే, పాతదాన్నే నమ్ముకున్నవాళ్ళ సంగతి ముందు చూడాలి. అదిగో, మీ అమ్మ ఫోను పెట్టేసింది. ఏమే, మీ వెబ్‌సైటు చోటు మారేలోపు గింజలు తగ్గించావా? తగ్గించిందటర్రా. ఇక కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.