తలుపు వెనక గిటార్

గిటార్ రంగధామం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరు ఏమడిగినా ముందు "కాఫీ తాగుతావా?" అంటారు. పోనీ, కాఫీ తాగాకైనా జవాబు చెబుతారా అంటే, అదీ లేదు. కాకినాడలో ఆయన శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. కొత్తగా చేరిన భ్రమరాంబకే తెలియదు.

భ్రమరాంబకి యాభై రెండేళ్ళు. ఆమె ఇంట్లో అటకమీద ఒక హార్మోనియం ఉంది, అద్దాల బీరువాలో ఒక వీణ ఉంది. శుక్రవారం వస్తే రెంటికీ దణ్ణం పెడుతుంది. వాయించడం మాత్రం రెండూ రావు. "ఈ గిటారు కూడా మూలపడిందంటే సంగీతం నా మొహాన రాసిలేదని ఒప్పేసుకుంటాను, ఇక ఆ జోలికే పోను" అని భర్తతో అనేసి మరీ వచ్చింది. మాటయితే గట్టిగానే అంది గానీ లోపలంతా బెదురే.

మొదటి పాఠంలో మాస్టారు వేళ్ళు ఎక్కడ నొక్కాలో చూపించారు. అది కాగానే అడిగింది.

"మాస్టారూ, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎలాంటి గిటార్ కొనుక్కోవాలండీ?"

కాఫీ అయింది. మాస్టారు లోపల్నించి ఒక పెట్టె తెచ్చారు. "కొనడం తర్వాత. ఇది వారం రోజులు ఉంచుకుని తీసుకురా."

అబ్బ, ఏం గిటారండీ అది! నల్లగా నిగనిగలాడుతోంది, అంచుల చుట్టూ ముత్యపు చిప్ప పొదిగారు. భ్రమరాంబ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, దిష్టి తీసి, పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. ఆదివారం తిథి కుదరలేదు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదాయె. బుధవారం చుట్టాలొచ్చారు, వాళ్ళ పిల్లలు ముట్టుకుంటారని పెట్టెను మంచం కిందికి తోసి దుప్పటి కప్పింది. చివరికి శుక్రవారం చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, నాలుగుసార్లు మీటి, ఎక్కడ గీత పడుతుందోనని మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టేసింది.

"బంగారంలాంటి గిటారు మాస్టారూ. నా వేళ్ళకే రాత లేదు" అంటూ వారం కాగానే పెట్టె తిరిగి తెచ్చిచ్చింది.

మాస్టారు కాఫీ ఇచ్చారు. తర్వాత వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతున్న ఇంకో గిటార్ తీసి చేతిలో పెట్టారు. చిన్నది. రంగు వెలిసింది, ఒక మూల పెచ్చు లేచింది, తీగలు నైలానువి. "ఇది ఇంకో వారం."

'ఇదేం గిటారు, నా బొంద!' అనుకుంది భ్రమరాంబ. దీనికి పెట్టె కూడా లేదు గనక తనూ వంటింటి తలుపు వెనకే తగిలించింది. బొట్టు పెట్టాలని తోచనే లేదు. కుక్కర్ మూడు కూతలు కూసేదాకా చేసే పనేముంది? తీసి మీటింది. పప్పు మాడింది. మర్నాడు మళ్ళీ మీటింది. వేలికొసలు మండితే చన్నీళ్ళలో ముంచుకుని మరీ మీటింది. అయిదో రోజున, చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన లాలిపాటలో ఒక వరస అచ్చంగా పలికింది!

"ఏమండోయ్! వచ్చిందండీ! వచ్చేసింది!"

గడ్డం గీసుకుంటున్న వాళ్ళాయన నురగతోనే పరిగెత్తుకొచ్చి, కంచం బోర్లించి తాళం మొదలుపెట్టాడు. ఆ పూట కూడా పప్పు మాడింది. ఇద్దరూ నవ్వుకుంటూ అదే తిన్నారు.

వారం తిరిగాక భ్రమరాంబ మాస్టారింటికి వచ్చి తల దించుకుని నిలబడింది. "తప్పయిపోయింది మాస్టారూ. పులిహోర కలుపుతూ కలుపుతూ, ఒక్కసారి వాయిద్దామని ఆ చేత్తోనే పట్టుకున్నాను. మరక పడింది. ఎంత తుడిచినా పోవడం లేదు." అంతలోనే తలెత్తి, "అయినా నేనడిగినదానికి మీరింతవరకూ జవాబే చెప్పలేదు" అని కూడా అంది.

మాస్టారు పెట్టెలోంచి నల్ల గిటార్ బయటికి తీశారు. ఆమె రాసిన పసుపు, దిద్దిన బొట్టు చెక్కు చెదరకుండా అలాగే ఉన్నాయి. దాని పక్కన చిన్న గిటార్ పెట్టి, రెంటినీ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"రెంటికీ పసుపే అమ్మాయ్. ఈ నల్లదానికి నువ్వు పెట్టావు, ఆ చిన్నదానికి అదే అంటుకుంది. ఇక గిటార్ల కొట్టుకెళ్ళి కొనుక్కో."