ఏటి పుట్టింటికి నూకాలు నడక

అనగనగా ఒక ఊరు. ఊరి పక్కనే ఒక ఏరు. ఊ కొడుతూ ఉండాలి మరి! నీ ఊ ఆగిందంటే నా కథ కూడా అక్కడే పడుకుంటుంది.

ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయనకి తవిటమ్మ అనే తల్లి, పైడమ్మ అనే పెళ్ళాం, నూకాలు అనే కూతురు. నూకాలుకి ఎనిమిదేళ్ళు. పసితనంలో జ్వరం తగిలి ఎడమకాలు సన్నబడిపోయింది. అందుకని కొంచెం కుంటుతూ నడిచేది. కాలు సన్నమే గానీ నోరు మాత్రం సన్నం కాదు. అచ్చం నీలాగే.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. పుష్యమాసంలో, నూర్పులయిపోయి, చలి బాగా ముదిరాక, ఒకరోజు పొద్దున్నే బయల్దేరి ఏటి గట్టు వెంబడి పైకి నడుస్తారు. అలా నడిస్తే కొండ మొదట్లో, రాళ్ళ సందులోంచి ఏరు కిందికి దూకే చోటు వస్తుంది. దాన్ని ఏటి పుట్టిల్లు అంటారు. అక్కడ కూర్చుని సద్ది తిని, చీకటి పడేలోగా ఇంటికి వచ్చేస్తారు. ఎందుకూ అంటే, ఏడాదంతా ఏరు మన గుమ్మం ముందుకొస్తుంది, ఒక్కరోజైనా మనం దాని పుట్టింటికెళ్ళి పలకరించి రావొద్దా అని వాళ్ళ పెద్దలు అనేవాళ్ళట. మంచి మర్యాదే కదూ?

నూకాలు కూడా ప్రతి ఏడూ వెళ్ళేది. కానీ నడిచి కాదు, కావడిలో. గవరయ్య భుజం మీద కావడిబద్ద, ముందు బుట్టలో సద్దిమూట, వెనక బుట్టలో నూకాలు. సద్ది తేలిక, పిల్ల బరువు. కావడి ఒక పక్కకి ఒరిగిపోతుంది కదా! అందుకని సద్దిబుట్టలో రాళ్ళు వేసి సరిచేసేవాడు. పిల్ల పెరిగిన కొద్దీ రాళ్ళూ పెరిగేవి.

ఆ ఏడు నూకాలు అడ్డం తిరిగింది.

"నాన్నా, ఈసారి నేను నడుస్తాను. ఏటిని చూడ్డానికని వెళ్ళి, ఏటేటా నీ మడమలు చూసి వస్తున్నాను" అంది.

అప్పుడు తవిటమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఓలమ్మ! ఊళ్ళో నడిచినట్టేటే గుంటా? ఇసకుంది, గుండ్రాళ్ళున్నాయి, గెడ్డ దాటాల" అంది. గెడ్డంటే కొండ మీంచి వచ్చి ఏట్లో కలిసే వాగు.

"దాటతాను నాయనమ్మా" అంది నూకాలు.

"సరే, అయితే ఒక మాట. మీ నాన్న భుజం అరిగిపోనాది. నువ్వు బుట్టలో పట్టకుండా ఎదిగిపోతన్నావు. ఈ దారంతా నడిచావా, ఏటేటా నిన్ను తీసికెళ్తాం. మధ్యలో కూలబడ్డావా, వచ్చే ఏడు నించి ఇంటికాడే మీ అమ్మతో ఉండు."

చూశావా ఎంత గట్టి ముసలమ్మో! నేనైతే అలా అనేదాన్నా? అనేదాన్నేలే.

నూకాలు సరేనంది. పైడమ్మకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆవిడకి ఒళ్ళో చంటిపిల్లాడున్నాడు, తను వెళ్ళడానికి లేదు. అడ్డాకుల్లో పులిహోర కట్టింది, కుండలో చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసింది, కూతురి తలకి గుడ్డ చుట్టి చెవులు మూసింది. గుమ్మంలో నిలబడి వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసింది.

ఆ తర్వాత ముగ్గురూ గట్టెక్కారు. మంచు ఇంకా విడలేదు. ఏరు పొగలు కక్కుతోంది. ముందు నూకాలు, దాని వెనక చేతికర్రతో తవిటమ్మ, అందరికంటే వెనక గవరయ్య. ఆయన భుజం మీద కావడి ఉండనే ఉంది. రెండు బుట్టల మీదా తువ్వాళ్ళు కప్పి ఉన్నాయి.

మొదట ఇసక వచ్చింది. పొడి ఇసకలో అడుగేస్తే సన్నకాలు దిగబడిపోతోంది. లాగితే రాదు. నూకాలు ఒకసారి పడింది, రెండోసారి పడింది. అప్పుడు నీళ్ళ అంచుకి పోయి చూసింది. అక్కడ తడిసిన ఇసక గట్టిగా ఉంది. ఆ అంచు పట్టుకుని టకటకా నడిచేసింది. తవిటమ్మ పొడి ఇసకలోనే రొప్పుతూ వచ్చింది. పెద్దవాళ్ళు కదా, దారి మార్చుకుంటే పరువు పోదూ!

ఆ తర్వాత గుండ్రాళ్ళు వచ్చాయి. మంచుకి తడిసి జర్రున జారుతున్నాయి. నూకాలు ఏం చేసిందో తెలుసా? చతికిలబడి, చేతులు ఆనించి, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి డేక్కుంటూ పోయింది.

"డేకితే నడకేటే?" అంది తవిటమ్మ.

"బుట్టలో లేను కదా నాయనమ్మా!" అంది నూకాలు.

కాసేపటికి తవిటమ్మ కూడా అటూ ఇటూ చూసి, చీర బిగించి, చతికిలబడి డేకడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత గెడ్డ వచ్చింది. నీళ్ళు మోకాలిలోతే గానీ చల్లదనం ఎముకలు కొరికేస్తోంది, వడి కూడా ఉంది. నూకాలు ఒడ్డున ఆగి వెనక్కి తిరిగి చూసింది. గవరయ్య ఇంకా ఎక్కడో ఉన్నాడు. అంత చలిలోనూ చెమటలు కారుతున్నాయి. వచ్చి కావడి దించాడో లేదో కూలబడిపోయాడు.

"సద్దిమూటకే ఇంత ఆయాసమా నాన్నా?" అని నూకాలు తువ్వాళ్ళు తీసింది.

ఏముంది లోపల? రాళ్ళు! ముందు బుట్టలో సద్ది కింద రాళ్ళు. వెనక బుట్ట నిండా రాళ్ళు.

"ఇవెందుకు నాన్నా?"

గవరయ్య తల దించుకున్నాడు. "నువ్వు అలిసిపోతే వెనక బుట్టలో రాళ్ళు పారబోసి నిన్నెక్కిద్దామని. ముందు బుట్టలోవి నీ బరువుకి సరిపోతాయి తల్లీ."

"ఏటి పొడుగునా రాళ్ళే కదా నాన్నా! నేను పడ్డాక ఏరుకోవచ్చు కదా!"

చూశావా? ఏటికి రాళ్ళు మోసుకెళ్ళిన మహానుభావుడు ఆయనొక్కడే. తవిటమ్మకి నవ్వాగలేదు. కానీ నూకాలు నవ్వలేదు. నాన్న పక్కన కూర్చుని, ఆయన భుజం మీద చొక్కా పక్కకి జరిపి చూసింది. బద్ద ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయి ఉంది.

"భయమమ్మా" అన్నాడు గవరయ్య. "నువ్వు పడతావేమోనని భయం. అంతకంటే ఏం లేదు."

"పడ్డాను కదా నాన్నా. ఇసకలో రెండుసార్లు పడ్డాను. లేచాను కూడా. నువ్వు ఈ రాళ్ళు పారబోస్తేనే నేను గెడ్డ దాటతాను" అంది నూకాలు.

గవరయ్య బుట్టలకేసి చూశాడు, కూతురికేసి చూశాడు. ఆ తర్వాత లేచి, ఒక్కొక్క రాయీ తీసి నీళ్ళలోకి వదిలాడు. ప్రతి రాయికీ బుడుంగుమని చప్పుడయింది.

అప్పుడు నూకాలు గెడ్డలో దిగింది. నాయనమ్మ చేతికర్ర అడిగి తీసుకుంది. కర్ర ఒకడుగు, మంచికాలు ఒకడుగు, సన్నకాలు ఒకడుగు. సరిగ్గా నడిమధ్యకి వెళ్ళేసరికి కాలు జారింది. నడుందాకా నీళ్ళలో కూర్చుండిపోయింది.

గవరయ్య ఒక్క గెంతు గెంతాడు. "రాకు నాన్నా!" అని చెయ్యెత్తి అరిచింది నూకాలు. ఆయన నీళ్ళలో అలాగే ఆగిపోయాడు. ముందుకెళ్ళలేడు, వెనక్కి రాలేడు. కూతురికి చెయ్యందించకుండా నిలబడడం ఎంత కష్టమో నీకిప్పుడు తెలియదులే.

నూకాలు పళ్ళు టకటకలాడుతుంటే కర్ర పాతి, దాన్ని పట్టుకుని లేచింది. అవతలి ఒడ్డెక్కింది. ఎక్కి, గొంతు చించుకుని "నాయనమ్మా, నువ్వు రా!" అని కేకేసింది.

ఆ తర్వాత ఇంకేముంది? తవిటమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని గెడ్డ దాటి, పొడి చీరకొంగుతో పిల్లని చుట్టింది. పుల్లలేరి మంట వేసి బట్టలు ఆరబెట్టారు. మిట్టమధ్యాహ్నానికి ఏటి పుట్టిల్లు చేరారు. నీళ్ళు రాళ్ళ సందులోంచి దూకుతుంటే నూకాలు తలెత్తి చూసింది. కళ్ళారా చూసింది. అడ్డంగా ఎవరి మడమలూ లేవు.

"మేం వచ్చాం!" అని ఏటిని పలకరించింది. పులిహోర మెతుకులు నాలుగు నీళ్ళలో వేసి, మిగతాది ఒక్కతే సగం తినేసింది.

తిరుగు దారిలోనూ అదే గెడ్డ, అవే రాళ్ళు, అదే ఇసక. ఈసారి తవిటమ్మే వెనకబడింది. పొద్దు వాలుతుంటే నూకాలు అంది, "నాన్నా, నువ్వు ముందెళ్ళు. అమ్మ కంగారు పడుతుంది. నాయనమ్మని నేను తీసుకొస్తాను."

గవరయ్య గబగబా ఇల్లు చేరాడు. పైడమ్మ చంటివాణ్ణి చంకనేసుకుని గుమ్మంలోనే ఉంది. కావడి దూరంనించే కనిపించింది. రెండు బుట్టలూ ఖాళీగా ఊగుతున్నాయి. ఆవిడ ఒక్క అంగలో మెట్టు దిగింది.

"పిల్లేదీ?" అంది. "ఏవయ్యా, పిల్లేదీ?"

గవరయ్య చెప్పబోయాడు. మాటకంటే ముందు కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. పైడమ్మ కేకపెట్టబోయింది.

అప్పుడు గట్టు మీంచి తవిటమ్మ గొంతు వినిపించింది. "నెమ్మదిగా నడవ్వే గుంటా! నీతో నేను నడవలేను!"

"నడిచొస్తోందే" అన్నాడు గవరయ్య. "దారంతా నడిచిందే మన పిల్ల!"

నూకాలు వచ్చింది. మెట్టెక్కింది, గుమ్మం దాటింది, నట్టింట్లో నిలబడింది. నాయనమ్మకేసి తిరిగి, "వచ్చే ఏడో?" అంది.

"నువ్వు లేందే నేనెక్కడికెళ్తానే!" అంది తవిటమ్మ.

అప్పుడు నూకాలు అమ్మ వైపు రెండు చేతులూ చాచింది. "అమ్మా, నడక అయిపోయింది. ఇప్పుడు ఎత్తుకో" అంది.

పైడమ్మ చంటివాణ్ణి మొగుడి చేతిలో పెట్టి, కూతుర్ని ఎత్తుకుంది. చాలాసేపు దించలేదు.

రాళ్ళన్నీ ఏట్లోకి,
నూకాలు ఇంట్లోకి,
కథేమో కంచిలోకి,
మనమేమో దుప్పట్లోకి!