తవుడు తొట్టిలో చేయి

"గురువుగారూ, జెన్‌ను తర్కంతో వివరించవచ్చా?" అని అడిగాడు కెన్‌షు.

ఊరికే అడగలేదు. క్యోటోలో తర్కం బోధించే పని వదులుకుని ఈ కొండమీది మఠానికి వచ్చి మూడేళ్ళయింది. పాత విద్యాలయం మళ్ళీ రమ్మని జాబు రాసింది, నెలాఖరులోగా జవాబివ్వాలి. వివరించవచ్చంటే ఉండిపోయి గ్రంథం రాస్తాడు, కాదంటే మూట సర్దుకుంటాడు. పుస్తకం హస్తభూషణం అంటారు. ఇతనికి ఆ భూషణం నిద్రలో కూడా ఊడేది కాదు.

బైసెన్ గురువు అవుననలేదు, కాదనలేదు. వంట చూసే ముసలి సన్యాసి మోకాళ్ళ నొప్పులకని వేడినీటి ఊటలకు వెళ్తున్నాడనీ, ఆయన వచ్చేదాకా తవుడు తొట్టి చూసుకోమనీ పురమాయించాడు. ఉప్పునీటితో తడిపిన తవుడులో ముల్లంగి దుంపలు పూడ్చి ఊరవేస్తారక్కడ. ఆ తవుడును రోజూ అడుగుదాకా కలపాలి.

కెన్‌షు ముసలాయన్ని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగి, పద్నాలుగు నియమాలు తన పుస్తకంలో రాసుకున్నాడు. "చేత్తోనే కలుపు నాయనా" అన్న మాటకు మాత్రం కారణం కనబడక, గరిటె వాడాడు. పదో రోజుకు ముల్లంగి కంపు కొట్టింది. గిన్నెలో ఏదీ వదలకూడదన్నది మఠం ఆచారం. నలభైమందీ కిక్కురుమనకుండా నమిలి మింగారు. గురువైతే ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నాడు. కెన్‌షుకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే పుస్తకం అటకమీద పడేసి, తొట్టిలో మోచేతిదాకా చేయి పెట్టాడు. పైన చల్లగా ఉన్న తవుడు అడుగున గోరువెచ్చగా ఉంది. ఆ సంగతి పద్నాలుగింటిలోనూ లేదు. చెడిన దుంపలు ఏరి పారేసి, రోజూ చేత్తోనే కలిపాడు. మెల్లగా కంపు పోయి కమ్మటి వాసన వచ్చింది.

ఒక ఉదయం గురువు వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు.

"ఇవాళ ఏం తక్కువైంది?"

"పిడికెడు ఉప్పు" అన్నాడు కెన్‌షు తలెత్తకుండా. అంటూనే వేసేశాడు.

గురువు ఒక దుంప తీసి కడిగి కొరికాడు. కరకరలాడింది. జాబుకు గడువు దాటి రెండు రోజులైందని కెన్‌షుకు అప్పుడు గుర్తొచ్చింది. చిత్రంగా విచారమేమీ కలగలేదు. పాత ప్రశ్ననే మళ్ళీ అడిగాడు, ఈసారి నవ్వుతూ.

గురువు అటకమీది పుస్తకం దించి, దుమ్ము దులిపి అతని ముందు పెట్టాడు.

"రాయాలనుంటే రాయి. చేయి మాత్రం కడుక్కోకు."