రేగడినేల కాళ్ళెందుకు పట్టుకుంటుంది?

ఒకప్పుడు నేలంతా ఒకటే తీరుగా ఉండేది. ఏటి ఒడ్డున చూసినా, గుట్ట మీద చూసినా, చేలల్లో చూసినా అదే మెత్తదనం, అదే పట్టు. ఎక్కడైనా సరే, చిన్న కర్రమేకు పెట్టి రాయితో ఒక దెబ్బ వేస్తే చాలు, దిగి కూర్చునేది. ఎంత లాగినా ఊడేది కాదు.

ఇది గొర్రెలు కాసుకునేవాళ్ళకి బాగా కలిసొచ్చింది. వాళ్ళకి ఇల్లూ వాకిలీ ఉండవు కదా! గొర్రెలు ఎటు మేస్తే అటే వాళ్ళూ. పొద్దువాలేసరికి ఎక్కడ ఆగితే అక్కడ, గొంగళ్ళు కలిపి కుట్టిన గుడారం ఎత్తేవాళ్ళు. చుట్టూ మేకులు కొట్టి, తాళ్ళు బిగించి, లోపల హాయిగా పడుకునేవాళ్ళు.

ఆ గుంపులో సుంకమ్మ అని ఒకావిడ ఉండేది. గుడారం వెయ్యడంలో, విప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకి మరీ బాగా తెలుసు. "మీరు తలగుడ్డ చుట్టుకునేలోగా నేను మూట కట్టేస్తా" అని మగవాళ్ళని ఆటపట్టించేది.

అంత తొందరగా ఎలా విప్పేదో చెప్తాను వినండి. వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. బయల్దేరేముందు ప్రతి మేకునీ పీకాలి. ఆ చిల్లిని మడమతో తొక్కి పూడ్చాలి. "పోయొస్తాం తల్లీ" అని నేలకి చెప్పాలి. సుంకమ్మకి అంత ఓపిక ఎక్కడిది? తాడు ముడి విప్పేసి, మేకుని నేలలోనే వదిలేసేది.

"కర్రముక్కే గదా! రేపు ఇంకోటి చెక్కుకుంటే పాయె" అనేది.

అది చూసి మిగతావాళ్ళూ అలాగే చెయ్యడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి మడమతో తొక్కే మాటే అందరూ మరిచిపోయారు.

మన అరికాల్లో చిన్న ముల్లు దిగితేనే కుంటుకుంటూ నడుస్తాం. మరి నేలకి ఒళ్ళంతా మేకులే! పాపం, ఎంత సలిపి ఉంటుందో మీరే చెప్పండి.

ఆ సలుపు చూసి గాలి పకపకా నవ్వింది. గాలికి గుడారాలంటే మొదటినుంచీ పడదు. ఒక్కదాన్నీ ఎగరగొట్టలేకపోయానే అని లోలోపల ఒకటే ఉడుకు. "నువ్వు పట్టుకోబట్టే గదా, నిన్ను పొడుస్తున్నారు! పట్టు వదిలెయ్. మిగతాది నేను చూసుకుంటా" అంది నేలతో.

ఆ మాటతో నేలకి ఒళ్ళు మండిపోయింది. గుట్ట దగ్గరి నేల పళ్ళు బిగబట్టి, మేకు అన్నది దిగకుండా బండైపోయింది. ఏటి ఒడ్డు నేల "దిగితే దిగండి, నేను మాత్రం పట్టుకోను" అని పొడిపొడిగా రాలి ఇసుకైపోయింది. మేకులు తక్కువ పడ్డచోట కాస్త ఎర్రబడి ఊరుకుంది. చేలల్లోని నేలకి మాత్రం అన్నిటికంటే ఎక్కువ మేకులు దిగి ఉన్నాయి. కోతలయ్యాక ఎరువు కోసం రైతులు మందలని ఆపుకునేది అక్కడే మరి. అది కందిపోయి, కమిలిపోయి, నల్లబడిపోయింది. అదే నల్లరేగడి.

ఇదేమీ సుంకమ్మకి తెలియదు. కూతురు మారెక్కకి నెలలు నిండాయి. కూతురినీ, అల్లుడు రంగప్పనీ, మందనీ వెంటబెట్టుకుని ఆమె గుట్ట దగ్గరికి వచ్చి ఆగింది. మేకు పెట్టి ఒక్క దెబ్బ వేసింది. మేకు రెండు ముక్కలైంది. ఇంకోటి పెట్టింది. అదీ విరిగింది.

"ఏందిది? ఏమొచ్చె నీకు?" అంది సుంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని.

"నన్ను పొడవద్దు" అంది బండ. "నా మీద రాళ్ళుండాయి గదా, వాటికి కట్టుకో పో."

సుంకమ్మ మూతి తిప్పుకుంటూ పెద్దపెద్ద రాళ్ళు దొర్లించి, తాళ్ళు వాటికి కట్టింది. గుడారం నిలబడింది.

ఆ తర్వాత ఏటి ఒడ్డుకి వచ్చారు. అక్కడే మారెక్కకి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. బిడ్డకి నీడ కావాలని సుంకమ్మ గబగబా మేకులు కొట్టింది. కొట్టినవి కొట్టినట్టే దిగాయి. తాడు బిగించగానే దిగినవి దిగినట్టే ఊడొచ్చాయి.

"పట్టుకోవేమే?" అని కసిరింది.

"నేనెందుకు పట్టుకుంటా? పట్టుకున్నందుకు పడింది చాల్లే" అంది ఇసుక.

సుంకమ్మ కాసేపు ఆలోచించింది. గోనెసంచిలో ఇసుక నింపి, మధ్యలో తాడు కట్టి, గుంత తీసి అడ్డంగా పాతిపెట్టింది. "నిన్ను పొడవలేదు, నీ ఒళ్ళో పండబెట్టినా. సరేనా?"

"పండుకున్నదాన్ని నేనెందుకు తోస్తాలే" అంది ఇసుక. ఆ తాడు కదల్లేదు.

ఇక సుంకమ్మని పట్టుకోవడం ఎవరి తరం? "నేల ఎన్ని వేషాలేసినా నా దగ్గర సాగదు" అని దారంతా చెప్పుకుంటూ నడిచింది. అలా నడిచి నడిచి రేగడిచేలకి వచ్చింది.

వచ్చేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుంది. వాన మొదలైంది. సుంకమ్మ మేకులు కొట్టింది. జావలో పుల్ల గుచ్చినట్టు దిగి, జావలోంచి తీసినట్టే వచ్చేశాయి. రాళ్ళు వెతికింది. రేగడిలో రాళ్ళెక్కడివి? గోనెసంచి పాతింది. అది బురదతోపాటు పైకి తేలింది. చివరికి వడ్లు దంచే రోకలి తెచ్చి దించింది. నేల దాన్నీ పక్కకి ఒరగదోసింది.

గాలికి కావలసింది అదే. పరిగెత్తుకొచ్చి గుడారాన్ని పట్టుకుని గుంజింది. ఒకపక్క రంగప్ప, ఇంకోపక్క సుంకమ్మ తాళ్ళు నడుముకి చుట్టుకుని వేలాడారు. చల్లటి జల్లు లోపలికి కొడుతోంది.

"అమ్మా!" అని లోపలినుంచి మారెక్క కేక పెట్టింది. "బిడ్డ ఏడుపు నిలిపేసింది మా! ఒళ్ళు సల్లబడతాంది!"

సుంకమ్మ పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎప్పుడూ పడలేదు. తాడు చేత్తో పట్టుకునే బురదలో మోకాళ్ళ మీద కూలబడింది.

"తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా. పసిగుడ్డు! ఈ ఒక్కసారి పట్టుకో!"

"నువ్వెవరో నాకు తెలుసు సుంకమ్మా" అంది రేగడి. దాని గొంతు బొంగురుగా ఉంది. "నీ మోకాలి పక్కన సెయ్యి పెట్టి సూడు."

సుంకమ్మ బురదలో చెయ్యి పెట్టింది. ఏదో గుచ్చుకుంది. లాగి చూస్తే కర్రమేకు. వంకరగా చెక్కిన మొన. అలా చెక్కేది ఒక్క సుంకమ్మే.

"అల్లుడా, ఈ తాడు కూడా నువ్వే పట్టుకో!" అని అరిచింది.

"రెండూ ఎట్ల పట్టేది అత్తా? గాలి నన్నే లేపుతాంది!" అన్నాడు రంగప్ప. అంటూనే రెండు తాళ్ళూ చేతులకి చుట్టుకుని, గుడారం అంచు మీద బోర్లా పడుకున్నాడు.

సుంకమ్మ గుడారం చుట్టూ పాకుతూ మేకులు పీకసాగింది. ఒకటి తీసి, ఆ చిల్లిని మడమతో అదిమి, "తప్పయింది తల్లీ" అనేది. మళ్ళీ ఇంకోటి. గోళ్ళు విరిగాయి. వేళ్ళు చీరుకుని రక్తం వచ్చింది. అయినా ఆపలేదు. ముల్లు దిగిన పసిపిల్ల చూపించినట్టు రేగడే చూపించింది: "ఆ పక్కనొకటి. ఇంకొంచెం లోతుగా. అబ్బా, అదే!"

గుడారం చుట్టూ అయ్యాక రేగడి పెద్దగా నిట్టూర్చింది. "ఇప్పుడు ఆ రోకలి ఇట్లా తే. పైపైన పొడిస్తే నొప్పి. లోతుగా దించు."

సుంకమ్మ రోకలిని లోతుగా దించింది. ఇంకోపక్క రంగప్ప దగ్గరున్న దుడ్డుకర్రని దించింది. రేగడి రెండింటినీ గట్టిగా పట్టుకుంది. గాలి గుంజింది, చుట్టూ తిరిగి గుంజింది, ఈలలేసి బెదిరించింది. గుడారం కదల్లేదు. గాలి తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

లోపల మారెక్క బిడ్డని ఒంటికి హత్తుకుని పొడి గొంగడి చుట్టింది. కాసేపటికి బిడ్డ కేరుమంది. ఆ ఏడుపు విని సుంకమ్మ బురదలోనే కూర్చుని తనూ ఏడ్చింది.

వాన వెలిశాక బయల్దేరారు. సుంకమ్మ రోకలి పీకింది, కర్ర పీకింది, చిల్లులు తొక్కింది, "పోయొస్తాం తల్లీ" అంది. అడుగు వెయ్యబోతే కాలు రాలేదు. రేగడి పాదాన్ని గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ ఏమైంది తల్లీ?"

"అన్నీ పీకినావా?"

"పీకినా. ఇదిగో సూడు" అని సుంకమ్మ రోకలీ కర్రా చూపించింది. రేగడి కాలు వదిలింది. రెండో అడుగు దగ్గర మళ్ళీ పట్టుకుంది.

"నన్ను నమ్మవా?" అంది సుంకమ్మ.

"నిన్ను నమ్మినా. నీ ఎనక వచ్చేవాళ్ళ సంగతేంది? అందుకే అందర్నీ అడుగుతా. అడుగడుగుకీ అడుగుతా."

"మరి ఎండాకాలంలో? నీకు తడి ఉండదు, పట్టుకునే బలమూ ఉండదు గదా?"

"అప్పుడు నోరు తెరుచుకుని ఉంటా" అంది రేగడి. "ఎవరైనా తొంగి చూసి, లోపల మిగిలినవి తీస్తారేమో."

ఎన్ని చేలల్లో ఎన్ని మేకులు వదిలిందో సుంకమ్మకే గుర్తులేదు. వంగి నేలని తాకి, కళ్ళకద్దుకుని, మందని తోలుకుంటూ వెళ్ళింది.

అప్పటినుంచే బండ మీద గుడారం వేస్తే రాళ్ళకి కడతారు, ఇసుకలో వేస్తే సంచి పాతుతారు, రేగడిలో వేస్తే లావుపాటి కర్రని లోతుగా దించుతారు. అప్పటినుంచే వానల్లో రేగడిలో నడిచేవాళ్ళని నేల అడుగడుగునా కాలు పట్టుకుని ఆపుతుంది. ఎండాకాలం వచ్చిందంటే ఆ చేలన్నీ నెర్రెలు విచ్చి, నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తూ ఉంటాయి. లోపల ఇంకా మేకులున్నాయి మరి.