పొయ్యి ఆర్పమన్న రాజు

అనగనగా కొండల మధ్య ఒక ఊరు, ఆ ఊరికో రాజు. ఒరేయ్, కాళ్ళతో తన్నుకోకండిరా. ఊ కొడితేనే చెబుతాను.

ఆ రాజుకి వేన్నీళ్ళ పిచ్చి. పొద్దున్నా వేన్నీళ్ళే, సాయంత్రమూ వేన్నీళ్ళే. రాణిగారికి వేన్నీళ్ళు, రాణిగారి నెమళ్ళకీ వేన్నీళ్ళు! కోట వెనకాల గాడిపొయ్యిలు రాత్రీ పగలూ మండేవి. మంటకి కట్టెలు కావాలా, కట్టెలకి చెట్లు కొట్టారు. చెట్లు పోతే కొండ బోడయింది. కొండ బోడయితే మబ్బు ఆగలేదు. మబ్బు ఆగకపోతే వానేదీ? వాన లేక చోడిచేలు, అదే రాగిచేలు, ఎండిపోయాయి. ఊ కొడుతున్నారా?

ఎందుకిలా అయిందని రాజు మంత్రుల్ని అడిగాడు. పొగ ఎక్కువై మబ్బులు పారిపోయాయన్నారు. ఎవరి పొగో మాత్రం చెప్పలేదు. ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించకూడదని రాజు దండోరా వేయించాడు. అందరి కోసం అందరూ ఓర్చుకోవాలట!

ఆ ఊళ్ళో నూకాలని ఒక కోడలు. గంపలల్లుకుని బతికేది. అత్త అప్పయ్యమ్మ అప్పుడే జ్వరం పడి లేచింది. ఆవిడకి అంబలి కాస్తుంటే భటులొచ్చి పొయ్యిలో నీళ్ళు కుమ్మరించి పోయారు.

"పోనీలేవే, పచ్చిపిండే కలుపుకు తాగుతాను" అంది అత్త.

"మనకి పచ్చిపిండీ, నెమళ్ళకి వేన్నీళ్ళూనా అత్తా?" అని నూకాలు ఉడకని కుండ నెత్తినెట్టుకుని కోటకి బయల్దేరింది. ఎక్కడికని కుమ్మరివీధి ఆడాళ్ళు అడిగారు. పొయ్యి మండేచోటికంది. వాళ్ళూ కుండలెత్తారు. సాలివీధి కదిలింది, బెస్తవీధి కదిలింది.

అందరూ కోట వెనక్కి చేరి, రాజుగారి గంగాళాలు దింపేసి గాడిపొయ్యిల మీద తమ కుండలు ఎక్కించేశారు. అక్కడ కట్టెలేసే కూలోళ్ళు వీళ్ళ మొగుళ్ళూ అన్నదమ్ములే. ఒక్కడూ వద్దనలేదు.

రాజు ఒంటినిండా సున్నిపిండితో పరిగెత్తుకొచ్చాడు. నవ్వకండిరా, నిజం!

"ఎవత్తివే నువ్వు? కొట్లో వేయిస్తాను!"

"వేయించండి బాబూ. కొట్లో వేస్తే కూడెట్టాలి. అది ఏ పొయ్యి మీద వండిస్తారు?"

రాజు గొంతు తగ్గించి, ఇది అందరి కష్టమమ్మా, అందరూ మొయ్యాలని నచ్చజెప్పబోయాడు.

"మా వంతు మేం మోస్తాం. కొండంతా మీరు కాల్చేసి, ఆ బూడిద మా నెత్తిన పొయ్యకండి. ముందు మీ పొయ్యి ఆర్పండి!"

కూలోళ్ళు గొడ్డళ్ళు కింద పడేశారు. భటులు కదల్లేదు. వాళ్ళ ఇళ్ళలోనూ పొయ్యి ఆరిపోయే ఉంది మరి. అప్పయ్యమ్మకి ఆ పూట వేడి అంబలి అందింది. రాజు చన్నీళ్ళు పోసుకున్నాడు. గజగజ వణికాడు గానీ, చావలేదు.

మర్నాడూ కట్టె కదల్లేదు, ఆ మర్నాడూ కదల్లేదు. రాజు దిగొచ్చి గాడిపొయ్యిలు పూడ్పించాడు. ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి. కొండ మీద మొక్కలు నాటాలి, నీళ్ళు మాత్రం కోటవాళ్ళే మొయ్యాలని నూకాలు పట్టుబట్టింది. రాజే కావిడెత్తాడు. ఊరోళ్ళు గుంతలు తవ్వారు. చెట్లెదగడానికి ఏళ్ళు పట్టింది. అన్నాళ్ళూ అంబలి పల్చనే. ఒక ఏడు మబ్బొచ్చి కొండ మీద కూర్చుంది. చోడిచేలు పండాయి, అంతా చల్లగా ఉన్నారు.

అందుకే అర్రా, అందరూ ఓర్చుకోవాలని పెద్దోళ్ళంటే, ముందు మీరు కానివ్వండి అనాలి. తలొంచుకుని మాత్రం అనకండి.

కథ కంచి దారి పట్టింది, మనం కళ్ళు మూద్దాం.