తువ్వాలు కట్టుకున్న పీతలు

పోలయ్య, ఎల్లాజీ కవలలు. సముద్రపు ఒడ్డునే వాళ్ళ ఇల్లు. తెలివంతా తన ఇంట్లోనే ఉందని వాళ్ళమ్మ నూకాలమ్మకి గట్టి నమ్మకం. ఉండదూ మరి! అచ్చు గుద్దినట్టుండే ఆ ఇద్దరినీ ఊళ్ళో ఎవరూ పోల్చలేరు. ఆవిడ మాత్రం చిటికెలో పోల్చేస్తుంది. ఎర్ర తువ్వాలు పోలయ్య, నీలం తువ్వాలు ఎల్లాజీ. అందుకే ఇద్దరూ నిద్రలో కూడా తువ్వాలు తీయరు.

ఒకరోజు సముద్ర జీవుల మీద పరిశోధన చేసే వైదేహి మేడం వీళ్ళ ముందు గోరంత పీతలు పోసింది. సన్నటి కాళ్ళతో సాలీళ్ళలా ఉన్నాయి.

"ఇవి రెండు జాతులు. ఒంటికి నాచు అతికించుకుంటాయి కాబట్టి ఒక్కలాగే కనిపిస్తాయి. నాచు తీసి చూడండి. తల ముందు రెండు కొమ్ములు కలిసి ఉంటే ఒక జాతి, విడిగా ఉంటే ఇంకోటి. రెండు తొట్లలో వేరుచేయండి. రేపు మా సారు వస్తారు. పని బాగుంటే పెద్దవాడు పోలయ్యకి మా దగ్గర ఉద్యోగం ఇస్తారు" అంది.

నూకాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. పడవ లేని ఇల్లు అది. ఆ ఉద్యోగం వస్తే గంజి మానేసి అన్నం తినొచ్చు.

ఇంకేముంది, అన్నదమ్ములు పనిలోకి దిగారు. నాచు తీశారు. పీతల్ని పక్కన పెట్టి, పొద్దెక్కేదాకా ఆ నాచునే తిప్పి తిప్పి చూశారు.

"కొమ్ములు కనబడతన్నాయేట్రా?" అన్నాడు పోలయ్య.

"నేదన్నా. లేత నాచు, ఇంకా మొలవనేదు."

మేడం వచ్చి తల పట్టుకుని, "నాచుని కాదు నాయనా, పీతని చూడండి" అంది. అప్పుడు పీతల్ని చూశారు. అబద్ధమెందుకు, ఈసారి సరిగ్గానే వేరుచేశారు. అక్కడితో ఆగి ఉంటే వాళ్ళ కథ నాకెందుకు?

"అన్నా, ఏ తొట్టి ఏదో మర్సిపోతే?" అన్నాడు ఎల్లాజీ.

"అమ్మ మనల్ని ఎలా పోలుస్తాది? అలాగే" అన్నాడు పోలయ్య.

అంతే, ఎర్ర తువ్వాలు పీలికలు చేసి కలిసిన కొమ్ముల తొట్లో వేశారు, నీలం తువ్వాలు చింపి రెండో దాన్లో వేశారు. ఏది దొరికితే అది ఒంటికి అంటించుకునే పీతలాయె. తెల్లారేసరికి ఒక తొట్లో అన్నీ ఎర్రవి, ఒక తొట్లో అన్నీ నీలానివి.

సారు వచ్చి చూసి ముచ్చటపడిపోయాడు. "భలే చేశారు. పోలయ్య ఎవరయ్యా? ఉద్యోగం నీదే, రా."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు చూసుకున్నారు. తువ్వాళ్ళు లేవు.

"నాను పోలయ్యనేట్రా?"

"తువ్వాలుంటే సెప్పీవోణ్ణి. ఇంతకీ నానెవుణ్ణి?"

"మీలో ఎవరు ఎవర్ని 'అన్నా' అంటారయ్యా?" అన్నాడు సారు.

"తువ్వాలుని సూసి అనీవోళ్ళమండి" అన్నారు ఇద్దరూ.

నూకాలమ్మని పిలిపించారు. ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. నోటిదాకా వచ్చిన అన్నం పోతోందని ఏడుపొచ్చేసింది. కళ్ళు తుడుచుకుంటూ తొట్లోకి తొంగి చూసింది. ఇంకేముంది, ముఖం వెలిగిపోయింది. అన్నిటికన్నా పెద్ద ఎర్ర పీలిక కట్టుకున్నదాన్ని అరచేతిలోకి తీసుకుని సారు ముందు పెట్టింది.

"ఈడే బాబూ మా పోలయ్య. తిండి నేక ఎలా సిక్కిపోనాడో సూడండి."

తర్వాత ఒక నీలం పీతని జాగ్రత్తగా చెంగులో వేసుకుని, కవలల వైపు జాలిగా చూసింది.

"మీరెవుళ్ళ పిల్లలో గానీ, మీ అమ్మ ఎతుకుతా ఉంటాది. ఇంటికెల్లండి బాబూ."

పాపం, వాళ్ళు అమ్మని వెతుక్కుంటూ పక్కూరికి బయల్దేరారు.